వేగాన్ని పట్టే తరంగం, తరంగాన్ని పట్టే పెట్టె

రాడార్ డిటెక్టర్ అనేది కారు ముందు అద్దానికి లోపలివైపు తగిలించుకునే చిన్న రేడియో రిసీవర్. వాహనాల వేగం కొలవడానికి పోలీసులు రోడ్డు పక్క నుంచి వదిలే మైక్రోతరంగాలను ఇది ముందే పసిగట్టి, బీప్ శబ్దంతోనో దీపంతోనో డ్రైవరును హెచ్చరిస్తుంది. ఇది వేగాన్ని కొలవదు, పోలీసుల పరికరాన్ని ఆపదు. వినడం ఒక్కటే దీని పని. అమెరికాలో అర్ధ శతాబ్దంగా వాడుకలో ఉంది కాబట్టి అక్కడ కార్లు నడిపే తెలుగువారికి పరిచయమైన వస్తువే.

ఇది ఎంతవరకు పనికొస్తుందో తేల్చాలంటే ముందు వేగాన్ని కొలిచే పద్ధతి తెలియాలి. ఆ పద్ధతికి మూలమైన సూత్రం భీమడోలు రైలు గేటు దగ్గర రోజూ చెవిన పడుతూనే ఉంటుంది.

గేటు దగ్గర వినిపించే సూత్రం

ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్య హౌరా–చెన్నై రైలు మార్గం, పాత ఐదో నంబరు జాతీయ రహదారి, ఏలూరు కాలువ చాలా దూరం ఒకదాని పక్కన ఒకటిగా సాగుతాయి. ఆ దారిలోనిదే భీమడోలు. ద్వారకా తిరుమల వెళ్లే భక్తులు పెద్ద రోడ్డు వదిలి మళ్లేది ఇక్కడే. గేటు పడినప్పుడు, ఈ స్టేషన్లో ఆగని ఎక్స్‌ప్రెస్ ఒకటి హారన్ మోగిస్తూ వస్తుంది. బండి దగ్గరపడుతున్నంతసేపూ ఆ మోత సన్నగా, పై స్థాయిలో ఉంటుంది. ఇంజను గేటు దాటగానే అదే మోత ఒక్కసారిగా బొంగురుపోయి కింది స్థాయికి దిగుతుంది. ఇంజనులో ఉన్న లోకో పైలట్ చెవికి మాత్రం మొదటి నుంచీ ఒకే మోత.

కారణం సులువైనదే. హారన్ సెకనుకు 400 ధ్వని తరంగాలు వదులుతోందని అనుకుందాం. బండి ముందుకు వస్తూ వదులుతున్నది కాబట్టి ప్రతి తరంగం దాని ముందుదానికి కాస్త దగ్గరగా పడుతుంది. తరంగాలు ఇరుకై చెవికి సెకనుకు ఎక్కువ తగులుతాయి. బండి దాటిపోయాక అవే ఎడమై తక్కువ తగులుతాయి. గంటకు 108 కిలోమీటర్లు, అంటే సెకనుకు 30 మీటర్ల వేగంతో వచ్చే బండి విషయంలో గాలిలో ధ్వని వేగాన్ని సెకనుకు 345 మీటర్లుగా తీసుకుంటే, వచ్చేటప్పుడు చెవికి తగిలేవి 438, పోయేటప్పుడు తగిలేవి 368. మోత ఎంత మారిందో తెలిస్తే, బండిని చూడకుండానే దాని వేగం లెక్కకట్టవచ్చు.

ఈ మార్పును 1842లో ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ సిద్ధాంతంగా ప్రతిపాదించాడు. మూడేళ్ల తర్వాత, 1845లో, డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ యూట్రెక్ట్ దగ్గర రైలు మీద బాకా ఊదేవారిని ఎక్కించి, పట్టాల పక్కన సంగీతం తెలిసినవారిని నిలబెట్టి దీన్ని రుజువు చేశాడు. ధ్వనికి వర్తించిన ఈ సూత్రం కాంతికీ రేడియో తరంగాలకూ వర్తిస్తుంది. బంగాళాఖాతంలో తుపాను లేచినప్పుడు కొల్లేటి లంకల వారు, చేపల చెరువుల వారు ఎదురుచూసే సమాచారంలో కొంత మచిలీపట్నంలో వాతావరణ శాఖ నెలకొల్పిన డాప్లర్ రాడార్ నుంచి వస్తుంది. వాన చినుకులను తాకి తిరిగొచ్చిన తరంగం ఎంత మారిందో చూసి గాలి వేగాన్ని అది అంచనా కడుతుంది. రోడ్డు పక్కన పోలీసు చేతిలోని స్పీడ్ గన్ చేసేదీ అదే లెక్క. అక్కడ వాన చినుకు, ఇక్కడ వాహనం.

రాడార్ గన్ లెక్క

రేడియో తరంగంతో విమానాన్ని కనిపెట్టవచ్చని బ్రిటన్‌లో రాబర్ట్ వాట్సన్ వాట్ బృందం 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర ప్రయోగం చేసి చూపింది. తాడేపల్లిగూడెంలో విమానాల రన్‌వే వేసిన రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే రాడార్ ప్రపంచమంతటా పాకింది. యుద్ధం ముగిశాక అదే విద్య రోడ్డు మీదికి దిగింది. యుద్ధకాలంలో సైన్యానికి రాడార్ పని చేసిన జాన్ బార్కర్, బెన్ మిడ్‌లాక్ వాహనాల వేగం కొలిచే పరికరాన్ని రూపొందించగా, 1947లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో గ్లాస్టన్‌బరీ పట్టణంలో దాన్ని పరీక్షించారు. కొన్నేళ్లకు, 1950లలో, కెనడాలో కారు నడుపుతూ హద్దు మీరి రాడార్‌కు చిక్కినవారిలో వాట్సన్ వాట్ కూడా ఉన్నాడు.

ట్రాఫిక్ రాడార్లకు ముఖ్యంగా మూడు పట్టీలున్నాయి: 10.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఎక్స్ బ్యాండ్, 24 గిగాహెర్ట్జ్ దగ్గర కే బ్యాండ్, 33 నుంచి 36 గిగాహెర్ట్జ్ మధ్య కే ఏ బ్యాండ్. గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు వంద కోట్ల తరంగాలు. కే బ్యాండ్ గన్ సెకనుకు 2,415 కోట్ల తరంగాలు వదులుతుంది. ఎదురొస్తున్న కారు వాటిని కాస్త ఇరుకు చేసి అందుకుంటుంది. తిప్పికొట్టేటప్పుడు తానే కదిలే మూలం కాబట్టి మరోసారి ఇరుకు చేస్తుంది. ఆ రెండింతల మార్పు, గంటకు ఒక కిలోమీటరు వేగానికి సుమారు 45 హెర్ట్జ్. వదిలిన తరంగాన్ని, తిరిగొచ్చిన తరంగాన్ని కలిపినప్పుడు 3,580 హెర్ట్జ్ తేడా కనిపిస్తే కారు వేగం 80 కిలోమీటర్లు. ఆ తేడాను స్పీకరుకు కలిపితే ఈల మోతలా చెవికి వినిపిస్తుంది కూడా.

గన్‌కు రెండు పరిమితులున్నాయి. ఒకటి, అది కారు నిజవేగాన్ని కాకుండా తనవైపు వస్తున్న వేగాన్ని మాత్రమే చూస్తుంది. రోడ్డు అంచు నుంచి పక్కవాటుగా గురిపెడితే అంకె తగ్గుతుంది. కోణం 20 డిగ్రీలైతే 100 కిలోమీటర్ల వేగం 94గా నమోదవుతుంది. నిలబడి కొలిచినప్పుడు ఈ తప్పు ఎప్పుడూ డ్రైవరుకు మేలే చేస్తుంది. రెండు, రాడార్ పుంజం టార్చిలైటు వెలుగులా వెడల్పవుతూ పోతుంది. 12 డిగ్రీల పుంజం 300 మీటర్ల దూరంలో 60 మీటర్లకు పైగా పరుచుకుంటుంది. ఆ వెడల్పులో ఒక లారీ, దాని పక్కన కారు, వెనుక మోటారుసైకిలు ఉంటే, పెద్ద రేకు ఉన్న లారీ నుంచే బలమైన ప్రతిధ్వని వస్తుంది. వచ్చిన అంకె ఎవరిదో చెప్పే బాధ్యత గన్ పట్టుకున్న మనిషిది.

డిటెక్టర్ ముందుగా ఎలా వింటుంది

గన్ కొలవకముందే డిటెక్టర్‌కు ఎలా తెలుస్తుందన్నదానికి జవాబు దూరంలో ఉంది. గన్ వదిలిన తరంగం కారు దాకా ఒక్క దారి ప్రయాణిస్తే చాలు, డిటెక్టర్‌కు అందుతుంది. గన్‌కు మాత్రం అది కారును తాకి మళ్లీ వెనక్కి రావాలి. తరంగం పోయేకొద్దీ పలచబడుతుంది. దూరం రెండింతలైతే డిటెక్టర్‌కు అందే బలం నాలుగో వంతవుతుంది. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పలచబడే ప్రతిధ్వని బలం పదహారో వంతుకు పడుతుంది. దూరం పదింతలైతే డిటెక్టర్‌కు నూరో వంతు మిగులుతుంది, గన్‌కు పదివేలో వంతు. అందుకే తిన్నని రోడ్డు మీద, గన్ నిరంతరం తరంగాలు వదులుతున్నప్పుడు, అది వేగాన్ని పట్టగలిగే దూరానికి చాలా ముందే డిటెక్టర్ కూస్తుంది.

పెట్టె లోపల ముందు గరాటు ఆకారపు చిన్న యాంటెన్నా ఉంటుంది. దాని వెనుక ఒక ఆసిలేటర్ తన సొంత తరంగాన్ని పుట్టిస్తుంది. బయటి తరంగాన్ని, లోపలి తరంగాన్ని కలిపితే వాటి తేడా తక్కువ పౌనఃపున్యంలో బయటపడుతుంది. దాన్ని పెంచడం, గుర్తించడం తేలిక. ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రసారాలను ఇళ్లలోని ట్రాన్సిస్టరు రేడియో అందుకున్నదీ ఈ పద్ధతిలోనే. దీని పేరు సూపర్ హెటరోడైన్. డిటెక్టర్ తన ఆసిలేటర్‌ను ఒక్క స్టేషన్ దగ్గర నిలపకుండా, పట్టీ మొత్తం మీద గబగబా అటూ ఇటూ తిప్పుతూ వెతుకుతుంది.

ఈ నిర్మాణంలోనే రెండు బలహీనతలున్నాయి. షాపింగ్ మాల్ తలుపులను తెరిచే సెన్సర్లు, కొన్ని కార్లలో పక్క వాహనాలను గమనించే రాడార్లు కూడా 24 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి. డిటెక్టర్ వాటికీ కూస్తుంది. ఊళ్లోకి రాగానే అదేపనిగా కూసే పెట్టెను డ్రైవరు కొన్నాళ్లకు పట్టించుకోవడం మానేస్తాడు. రెండోది, లోపలి ఆసిలేటర్ తరంగం కొద్దిగా బయటికి కారుతుంది. ఆ కారే తరంగాన్ని పట్టుకునే పరికరాలు నిషేధం ఉన్న చోట్ల పోలీసుల దగ్గరున్నాయి. వినడానికే పుట్టిన పెట్టె, తన ఉనికిని తానే చాటుకుంటుంది.

గన్ మారింది, పెట్టె వెనుకబడింది

డిటెక్టర్లు పెరిగాక పోలీసులు మొదట గన్ వాడే తీరు మార్చారు. మీట నొక్కేవరకు తరంగం వదలకుండా ఉంచి, వాహనం ఎదురుగా వచ్చాక ఒక్క క్షణం మాత్రమే నొక్కడం మొదలుపెట్టారు. అప్పుడు డిటెక్టర్ కూయడం, వేగం నమోదు కావడం దాదాపు ఒకేసారి జరుగుతాయి. తనకు ముందు పోతున్న వేరొక వాహనం మీద గన్ ప్రయోగించి ఉంటేనే వెనుకవాడికి ముందస్తు కబురు.

తర్వాత లేజర్ గన్ వచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో రహదారుల పక్కన మూడుకాళ్ల స్టాండు మీద బిగించి కనిపించే కెమెరా గన్ ఈ జాతిదే. ఇందులో డాప్లర్ సూత్రం లేదు, రేడియో తరంగం లేదు. కంటికి కనిపించని 905 నానోమీటర్ల పరారుణ కాంతిని చిన్న చిన్న స్పందనలుగా వదిలి, ఒక్కొక్కటి వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. 300 మీటర్ల దూరంలోని కారును తాకి రావడానికి కాంతికి పట్టేది సెకనులో పది లక్షలో వంతులు రెండే. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనులో నూరో వంతుకు 25 సెంటీమీటర్లు దగ్గరవుతుంది. ఆ మేరకు కాంతి తిరుగు ప్రయాణం తగ్గుతుంది. వందలాది స్పందనలతో ఈ తగ్గుదలను లెక్కించి, అర సెకనులోపే వేగం తేలుస్తుంది. 300 మీటర్ల దూరంలోనూ లేజర్ పుంజం వెడల్పు ఒక మీటరు దాటదు కాబట్టి గురి ఒక్క బండి మీదే ఉంటుంది. లారీ పక్కన దాక్కున్న కారును విడిగా పట్టగలదు, నంబరు పలకతో సహా ఫొటో తీయగలదు. డిటెక్టర్‌కు లేజర్‌ను గుర్తించే కన్ను ఉన్నా, అది కూసే వేళకు కొలత పూర్తయి ఉంటుంది.

మూడో పద్ధతికి తరంగం అక్కరలేదు. దారిలో రెండు చోట్ల కెమెరాలు నంబరు పలకను చదివి, సమయం గుర్తుపెట్టుకుంటాయి. 24 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు కెమెరాలను ఒక కారు 16 నిమిషాల్లో దాటితే దాని సగటు వేగం 90. కెమెరా కనిపించినచోట బ్రేకు వేసి, దాటాక మళ్లీ తొక్కే అలవాటు ఇక్కడ చెల్లదు. వినడానికి ఏమీ లేదు కాబట్టి డిటెక్టర్‌కు ఇక్కడ పనీ లేదు.

మన దారుల మీద డిటెక్టర్ పనిని చాలాకాలంగా ఎదురుగా వచ్చే డ్రైవర్లు చేస్తున్నారు. లైటు రెండుసార్లు కొడితే ముందు తనిఖీ ఉందని అర్థం. ఇప్పుడు ఫోనులోని మ్యాపు కూడా కెమెరాలున్న చోటు చెబుతోంది. పద్ధతి ఏదైనా ఫలితం ఒక్కటే. బండ్లు ఆ అర కిలోమీటరు నెమ్మదిస్తాయి, దాటగానే వేగం అందుకుంటాయి.

చట్టం ఏమంటుంది

డిటెక్టర్ వ్యాపారం ఊపందుకోవడానికి ఒక చట్టమే కారణమైంది. చమురు సంక్షోభంలో ఇంధనం పొదుపు కోసం అమెరికా 1974 జనవరిలో దేశమంతటా గంటకు 55 మైళ్ల, అంటే సుమారు 88 కిలోమీటర్ల గరిష్ఠ వేగం పెట్టింది. విశాలమైన రహదారుల మీద ఆ హద్దును తప్పించుకోవాలనుకున్నవారు డిటెక్టర్లు కొన్నారు. దేశవ్యాప్త హద్దు 1995లో పోయినా పెట్టె మిగిలింది. ఇప్పుడు సొంత కార్లలో దాన్ని వర్జీనియా రాష్ట్రం, వాషింగ్టన్ డి.సి. నిషేధించాయి. పెద్ద వాణిజ్య ట్రక్కుల్లో అమెరికా అంతటా నిషేధమే. ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వంటి ఊళ్లలో వేలాది తెలుగు కుటుంబాలున్న వర్జీనియాలో మరో నిబంధన కూడా తెలిసి ఉండాలి. అక్కడ గంటకు 85 మైళ్లు దాటినా, హద్దుకు 20 మైళ్లు మించినా అది జరిమానాతో పోయే తప్పు కాదు, ఏడాది దాకా జైలు పడగల నేరం.

మన దేశంలో 2018 ఏప్రిల్ నాటి కేంద్ర ప్రకటన ప్రకారం, మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు గరిష్ఠ వేగం 100, లారీకి 80, మోటారుసైకిలుకు 80, ఆటోకు 50 కిలోమీటర్లు. అవసరమైన చోట రాష్ట్రాలు ఇంకా తగ్గించవచ్చు. ఊరి దగ్గర బోర్డు మీదున్న అంకెదే పైమాట. హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్, 2019 సవరణ తర్వాత, కారుకు 1,000 నుంచి 2,000, లారీ బస్సులకు 2,000 నుంచి 4,000 రూపాయల జరిమానా చెబుతోంది. అదే సెక్షన్ డ్రైవరుకు ఒక రక్షణ కూడా ఇస్తోంది. వేగంగా పోయాడని ఒక్క సాక్షి తన అంచనాగా చెబితే శిక్ష పడదు. ఆ అంచనాకు యంత్రం కొలత ఆధారం ఉండాలి.

ఆ యంత్రం సరైనదేనా అన్న ప్రశ్నకూ చట్టంలో జవాబు ఉంది. 2021లో వచ్చిన 167ఎ నిబంధన ప్రకారం నిఘా పరికరానికి ఏటా ధ్రువీకరణ ఉండాలి. చలానాలో ఫొటో, నమోదైన వేగం, తేదీ, సమయం, చోటు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, నిఘా ఉన్న రోడ్డు భాగానికి ముందే అందరికీ కనిపించేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఆకివీడు, కైకలూరు చేపల మార్కెట్లలో కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలన్నది ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతి. 2025 జులై 1 నుంచి అమలుకు వచ్చిన నిబంధనలతో, వేగం కొలిచే రాడార్ పరికరం కూడా ఆ శాఖ పరీక్షకూ ముద్రకూ లోబడింది. తూకంలో మోసం జరగకూడదన్న న్యాయమే వేగం కొలతకూ వర్తించింది. తప్పు కొలత అని అనుమానం ఉన్నవారు ధ్రువపత్రం అడగవచ్చు, కోర్టులో సవాలు చేయవచ్చు.

పెట్టెకు వినిపించని ప్రమాదం

వేగహద్దు ఎందుకుందో బ్రేకు లెక్క చెబుతుంది. ప్రమాదం కంటపడి కాలు బ్రేకు మీద పడేసరికి సుమారు ఒకటిన్నర సెకను గడుస్తుంది. మంచి టైర్లతో, పొడి రోడ్డు మీద 60 వేగంలో ఉన్న కారు ఆ వ్యవధిలో 25 మీటర్లు పోయి, బ్రేకు పడ్డాక మరో 20 మీటర్లకు ఆగుతుంది. 80 వేగంలో 33, 36 కలిసి 69 మీటర్లు. 100 వేగంలో 42, 56 కలిసి 98 మీటర్లు. వేగం రెండింతలైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుంది. తడి రోడ్డు మీద టైరు పట్టు సగానికి పడితే ఆ బ్రేకు దూరం రెట్టింపు.

ఈ అంకెలను ఒక్క చోట పక్కపక్కన పెట్టి చూడాలి. 69 మీటర్ల ముందు ఒక మనిషి రోడ్డు దాటుతున్నాడు. 80 వేగంలో ఉన్న కారు సరిగ్గా అతని ముందు ఆగుతుంది. 100 వేగంలో ఉన్న కారు, అదే క్షణంలో చూసి, అంతే గట్టిగా బ్రేకు వేసినా, అతన్ని చేరేసరికి ఇంకా గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. పెరిగింది ఇరవై కిలోమీటర్లే, పోయేది ప్రాణం.

భీమడోలు పరిసరాల్లో ఆ 69 మీటర్ల లోపల ఎదురయ్యేవి చాలానే ఉన్నాయి. సార్వా, దాళ్వా కోతల రోజుల్లో రోడ్డు మార్జిన్ల మీద ధాన్యం ఆరబోస్తారు. రాత్రికి రాశి చేసి బరకం కప్పి, అది ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నల్ల బరకం చీకట్లో దీపం వెలుగు పడేదాకా కనిపించదు. చేపల లారీల నుంచి కారే ఐసు నీళ్లు రోడ్డును జారుడుగా మారుస్తాయి. చలికాలం తెల్లవారుజామున కాలువ మీద, చెరువుల మీద లేచే మంచు రోడ్డును కప్పేస్తుంది. ధాన్యం ట్రాక్టరు వెనుక దీపం ఉండకపోవచ్చు. గేదెల మంద, సైకిలు మీద బడికి పోయే పిల్లలు, ద్వారకా తిరుమలకు నడిచి వెళ్లే భక్తులు ఉంటారు. వీటిలో ఏదీ 24 గిగాహెర్ట్జ్ తరంగం వదలదు. డిటెక్టర్ పోలీసు ఉన్నచోటే కూస్తుంది, ప్రమాదం ఉన్నచోట కూయదు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 71 మంది మరణానికి కారణంగా నమోదైనది అతివేగం. రోడ్డు మీద సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదం దాదాపు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తగ్గించినప్పుడూ అదే లెక్క.

కాబట్టి భారతీయ రోడ్డు మీద రాడార్ డిటెక్టర్‌తో ఒరిగేది దాదాపు ఏమీ లేదు. లేజర్ గన్ దానికి వ్యవధి ఇవ్వదు, సగటు వేగం కెమెరా దానికి వినపడదు, నిఘా ఉందన్న సంగతి బోర్డు ముందే చెబుతుంది. డ్రైవరు చూడవలసిన రెండు అంకెలకూ అదనంగా పైసా ఖర్చు లేదు: ఒకటి రోడ్డు పక్క బోర్డు మీద, రెండోది స్టీరింగు వెనుక స్పీడోమీటరు మీద. రెండో అంకె మొదటిదాన్ని దాటనంతకాలం ఏ గన్‌కూ భయపడే పని లేదు, ఎదురుగా రోడ్డు దాటేవారూ క్షేమంగా ఇంటికి చేరతారు.